ఊరిని వెచ్చబరిచే ‘మంచు’

ఫిన్నిష్ భాషలో ‘లూమి’ అంటే మంచు. ఫిన్లాండ్‌లోని కయానీ పట్టణంలో ఆ పేరు పెట్టుకున్న సూపర్ కంప్యూటర్ ఒకటుంది. చలికాలంలో అక్కడి ఇళ్ళు వెచ్చగా ఉంటున్నాయంటే అందులో దాని పాలూ ఉంది.

కయానీ పాత ఊరు. 1651లో పట్టణమైంది. ఊరి నడుమ పారే నదిలో ఓ లంక మీద రాతికోట శిథిలాలు కనిపిస్తాయి. 1716లో రష్యా సేనలు దాన్ని పేల్చేశాయి. జానపద గీతాలను సేకరించి ‘కాలెవాలా’ కావ్యంగా కూర్చిన ఎలియాస్ లోన్‌రోట్ ఇక్కడే వైద్యుడిగా పనిచేశారు. ఆ తరవాతి తరాలకు అన్నం పెట్టింది కాగితం మిల్లు. 2008 చివర్లో అది మూతపడి వందల మందికి పని పోయింది. మిల్లు కోసం లాగిన కరెంటు లైన్లు, పెద్దపెద్ద షెడ్లు మాత్రం మిగిలాయి. ఐరోపా దేశాలు ఉమ్మడిగా కొన్న లూమి ఆ ఆవరణలోకే వచ్చింది. 2022 జూన్‌లో ప్రారంభమయ్యేనాటికి ప్రపంచంలో మూడో వేగవంతమైన కంప్యూటర్ అదే. బరువు దాదాపు 150 టన్నులు, ఆక్రమించిన జాగా రెండు టెన్నిస్ కోర్టులంత!

కంప్యూటర్ తాగిన కరెంటంతా చివరికి వేడిగానే తేలుతుంది. మన దగ్గర ఆ వేడిని బయటి గాలిలోకి తోసేస్తాం, మనకు దాని అవసరం లేదు కనుక. లూమిలో చిప్‌ల పక్క నుంచే నీళ్ళు పారుతూ వేడిని పట్టుకెళ్తాయి. అయితే ఆ గోరువెచ్చదనం ఊరికి చాలదు. అందుకే హీట్ పంపులు పెట్టారు. ఫ్రిజ్ లోపలి వేడిని లాగి వెనక్కి తోస్తుంది కదా, ఇవీ అంతే: గోరువెచ్చని నీటి నుంచి వేడిని తోడి, మరో నీటిని బాగా కాగేలా చేస్తాయి. ఒకచోట కాచిన నీళ్ళను భూమిలోని గొట్టాల్లో ఇంటింటికీ పంపే ఊరుమ్మడి ఏర్పాటు ఫిన్లాండ్ పట్టణాల్లో ఎప్పటినుంచో ఉంది. కాబట్టి కొత్తగా వీధులు తవ్వే పని పడలేదు. కయానీలో ఆ గొట్టాల్లో పారే వేడిలో దాదాపు 20 శాతం లూమి ఇవ్వగలదని లెక్క. వాతావరణ మార్పుల గురించి శాస్త్రవేత్తలు లూమి మీద చేసే లెక్కల వేడే ఎవరి స్నానాల గదినో వెచ్చబరుస్తుందన్నమాట! పైగా లూమి వాడే కరెంటు జలవిద్యుత్తు.

హెల్సింకి నుంచి కయానీకి రైలుంది. స్టేషన్ నుంచి కోట దాకా నడిచే వెళ్ళొచ్చు. చలికాలంలో వెళ్తే ఉన్ని దుస్తులు తప్పనిసరి. బసకు చేరాక కిటికీ కింది రేడియేటర్ మీద ఒకసారి చెయ్యి పెట్టి చూడండి.