అమెరికా వంటింటి లెక్క

అమెరికా అనగానే మన కళ్ళముందు నిలిచేవి ఆకాశాన్నంటే మేడలూ, ఇంటికి రెండేసి కార్లూను. ఆ దేశంలోనూ నెలాఖరుకి తడుముకునే సంసారాలున్నాయంటే, “ఎవరో సోమరిపోతులై వుంటారు” అని తోసిపారేసేవాళ్ళు ఇక్కడా వున్నారు, అక్కడా వున్నారు. కాని పేదవాడెవరో ఆ ప్రభుత్వం తేల్చే పద్ధతి చూస్తే, చిక్కు మనుషుల్లో కంటె లెక్కలోనే ఎక్కువ వుందనిపిస్తుంది.

ఆ లెక్క పుట్టింది వంటింట్లో. 1963 ప్రాంతంలో అక్కడి సాంఘిక భద్రతా శాఖలో మాలీ ఆర్షాన్‌స్కీ అనే ఉద్యోగిని వుండేది. వలస వచ్చిన పేదకుటుంబంలో పుట్టి, లేమి అంటే ఏమిటో ఎరిగిన మనిషి. వ్యవసాయశాఖ వారు తయారుచేసిన చౌక భోజనపు పట్టిక ఒకటి ఆమెకు దొరికింది. చేతిలో డబ్బాడనప్పుడు కొద్దిరోజులు సరిపెట్టుకోవడానికి ఉద్దేశించిన పట్టిక అది. 1955 నాటి సర్వే ప్రకారం అమెరికా కుటుంబాలు రాబడిలో ఇంచుమించు మూడోవంతు తిండికి ఖర్చు పెట్టేవి. అందుచేత ఆమె ఆ పట్టిక ఖర్చుని మూడుతో హెచ్చవేసింది. నలుగురున్న సంసారానికి ఏడాదికి 3,100 డాలర్ల పైచిలుకు తేలింది. అదే దారిద్ర్యరేఖ!

1964 జనవరిలో అధ్యక్షుడు లిండన్ జాన్సన్ పేదరికం మీద యుద్ధం ప్రకటించాడు. యుద్ధమన్నాక ఎల్లలు తెలియాలి గదా! ఈ లెక్క చేతికందింది. ఆర్షాన్‌స్కీ రెండు రకాల పట్టికలతో రెండు అంకెలు కట్టగా, ప్రభుత్వం తక్కువదాన్నే ఎంచుకుంది. 1969లో అదే సర్కారీ కొలబద్ద అయింది.

అప్పటినుంచి పెరిగిన ధరలనుబట్టి అంకె మార్చారే గాని, లెక్క కట్టే తీరు మార్చలేదు. ఈలోగా సంసారం తీరే మారిపోయింది. ఇప్పుడు సగటున తిండికి పోయేది చేతికొచ్చే రాబడిలో పదోవంతుకి కాస్త అటూ ఇటూ. తక్కినదాన్ని ఇంటి అద్దె, వైద్యం, పిల్లల చదువు మింగేస్తున్నాయి. భార్యాభర్తలిద్దరూ పనికి పోతే చంటిబిడ్డని చూసినందుకు వేరే డబ్బు పోయాలి. 2011 నుంచి జనాభా లెక్కల శాఖ ఇటువంటి ఖర్చులు కలుపుకొని మరో లెక్క కూడా ప్రకటిస్తోంది. కాని సహాయం ఎవరికివ్వాలో తేల్చేటప్పుడు పట్టుకునేది పాతదాన్నే.

2025లో నలుగురి కుటుంబానికి ఆ గీత 32,150 డాలర్లు. కేంద్ర ప్రభుత్వం నిర్ణయించిన కనీసపు కూలి గంటకు 7.25 డాలర్లు, 2009 జూలైలో పెంచిన తరువాత 2025లోనూ అదే. చాలా రాష్ట్రాలు ఇంతకంటె ఎక్కువే ఇప్పిస్తున్నాయి. ఇప్పించని చోట, ఆలుమగలిద్దరూ వారానికి 40 గంటల చొప్పున ఏడాది పొడుగునా నాగా లేకుండా పనిచేసినా వచ్చేది 30,160 డాలర్లే. వీళ్ళనా సోమరులనేది?

గీత దాటినవాళ్ళ పాట్లు మరోరకం. జీతం నాలుగు డాలర్లు పెరిగి హద్దు మించితే సర్కారీ వైద్య సహాయం పోవచ్చు. 2023లో కేంద్ర బ్యాంకు జరిపిన సర్వేలో, అనుకోని ఖర్చు 400 డాలర్లు వచ్చిపడితే చేతి డబ్బుతో తీర్చగలమన్నవారు నూటికి 63 మందే. తక్కినవారు అప్పు చేయాలి, ఏదైనా అమ్ముకోవాలి, లేదా చేతులెత్తెయ్యాలి. ఆ దేశపు కుటుంబాల సంపదలో ఇంచుమించు ముప్ఫై శాతం మాత్రం పైనున్న నూటికొక్కరి చేతిలో వుంది. అడుగు సగానికి అందరికీ కలిపి మూడు శాతమైనా లేదు.

ఎంత వుంటే చాలునో చెప్పలేకపోయినా, ఎంతైతే చాలదో చెప్పవచ్చునన్నది ఆర్షాన్‌స్కీ ఉద్దేశం. ఆమె చాలదని గీసిన గీతను, ఇది దాటితే చాలునన్నట్టుగా ప్రభుత్వం చదువుకుంటోంది.