హెరాల్డ్ ముందు చక్రం వెనక కంచు ముక్క

పాత స్టాండర్డ్ హెరాల్డ్‌ను మళ్ళీ రోడ్డెక్కించాలనుకునేవాళ్ళను ఒక భయం వెంటాడుతుంది. ముందు చక్రాన్ని మోసే వర్టికల్ లింక్ ఏ మలుపులోనో విరిగి, చక్రం ఒరిగిపోయి, కారు ముక్కు నేలకు ఆనుతుందని. అది ఉత్త భయమేమీ కాదు, అలా విరిగినవి ఉన్నాయి. అంతమాత్రాన డిజైనే చెత్తదని తేల్చేయడం తొందరపాటు. తప్పు చాలావరకు అందులో కొట్టిన గ్రీజుది, మిగతాది తేమది. అందుకే కృష్ణా డెల్టాలో తిరిగిన హెరాల్డ్ ఏదైనా సరే, చక్రం పట్టి ఊపితే లూజు లేకపోయినా, ముందు సస్పెన్షన్‌ను ఆఖరి బోల్టు దాకా విప్పి తీరాలంటాను.

ఈ కారు పుట్టుకే ఒక ఇబ్బందిలోంచి జరిగింది. 1950ల్లో స్టాండర్డ్-ట్రయంఫ్‌కు బాడీలు చేసిపెట్టే కంపెనీని పోటీదారు బీఎంసీ కొనేసింది. ఒకే ముక్కగా బాడీ చేయించుకునే దారి లేక, విడిగా ఛాసిస్ వేసి, దాని మీద ముక్కలుగా బాడీ బిగించారు. మిషెలొత్తి గీసిన ఆ కారు 1959లో బయటికొచ్చింది. 1961 నుంచి మద్రాసులో తయారై, స్టాండర్డ్ హెరాల్డ్ పేరుతో మనవైపు తిరిగింది. 25 అడుగుల వ్యాసంలో గుండ్రంగా తిరిగేస్తుంది కాబట్టి, బెజవాడ వన్‌టౌన్ సందుల్లాంటి చోట్లకు దీన్ని మించిన కారు అప్పట్లో లేదు. ఛాసిస్ విడిగా ఉండటం వల్ల ముందు సస్పెన్షన్ మొత్తం ఊడదీసి ఇంకో కారుకు పెట్టుకోవడమూ తేలికైంది. 1962లో వచ్చిన స్పిట్‌ఫైర్ స్పోర్ట్స్ కారు 1980లో ఆగిపోయేదాకా ఈ ఏర్పాటు మీదే నడిచింది. బరువు తగ్గించడమే మతంగా బతికిన లోటస్ కార్ల కోలిన్ చాప్‌మన్ కూడా తన ఎలాన్ కారుకు ట్రయంఫ్ వర్టికల్ లింక్‌నే వాడుకున్నాడు. నిజంగా బలహీనమైన భాగమైతే ఆయన కన్ను దాటిపోయేదా?

అసలు సంగతి లింక్ కింది కొసన ఉంది. ఆ ఉక్కు కొసకు మర ఉంటుంది. అది ట్రనియన్ అనే కంచు దిమ్మెలోకి దిగుతుంది. స్టీరింగ్ తిప్పినప్పుడల్లా ఉక్కు మర కంచు మరలో తిరుగుతూ వెంట్రుకవాసి పైకీ కిందికీ జరుగుతుంది. కుడివైపుది కుడి మర, ఎడమవైపుది ఎడమ మర. విప్పినప్పుడు రెండూ ఒకే డబ్బాలో వేస్తే తరవాత తల పట్టుకోవాల్సిందే. ఈ మరల సందుల్లోకి పాకేది నూనె మాత్రమే. అందుకే కంపెనీ వాళ్ళు దీనికి హైపాయిడ్ గేర్ ఆయిల్ పట్టించమన్నారు. అయితే ఆయిల్ గన్ కోసం పెట్టిన నిపుల్ చూడటానికి గ్రీజు నిపుల్‌లాగే ఉంటుంది. లారీ కింగ్‌పిన్‌కు గ్రీజే అన్నం. బెజవాడ ఆటోనగర్ లాంటి లారీల అడ్డాలో గ్రీజు గన్ పట్టుకున్న చెయ్యి నిపుల్ కనబడితే ఊరుకుంటుందా? ఆ గ్రీజు కింద గడ్డకట్టి, పై మరలకు నూనె చేరకుండా దారి మూసేస్తుంది. పైనున్న రబ్బరు సీలు దాటి దిగిన నీరు అక్కడే నిలుస్తుంది. ఉక్కు తుప్పుపట్టి, మర అడుగున సూదిమొన గుంటలు పడతాయి; తిప్పుడు బలమంతా ఆ గుంటల దగ్గర పోగై, బీట మొదలవుతుంది.

లూజు లేనప్పుడు కదిలించడం ఎందుకు, విప్పితేనే పాడవుతుంది కదా అనే అభ్యంతరం సబబుగానే వినిపిస్తుంది. కానీ లూజు చెప్పేది అరుగుదల గురించి, బీట గురించి కాదు. తుప్పుతో బిగుసుకున్న మర ఊపితే ఇంకా గట్టిగా కూడా అనిపించవచ్చు. విప్పడం కూడా అనుకున్నంత ప్రమాదం కాదు, ఒక్క స్ప్రింగ్ దగ్గర తప్ప. ఛాసిస్ కింద స్టాండ్లు పెట్టి చక్రం తీశాక, పైన మూడు నట్లు, కింద ఒక బోల్టు విప్పితే స్ప్రింగు, షాక్ అబ్జార్బరు కలిసే బయటికొస్తాయి. ఆ జంటను విడదీయాలంటే మాత్రం స్ప్రింగ్‌ను కంప్రెసర్‌తో నొక్కిపట్టకుండా నడినెత్తి నట్టు ముట్టుకోకూడదు. మొండికేసేది ట్రనియన్ బోల్టు. అది లోపలి ఉక్కు గొట్టంతో తుప్పుపట్టి ఏకమైపోతుంది. సుత్తితో బాది కంచును చిట్లగొట్టే బదులు, రెండు పక్కలా కోసేయడం మంచిది. చక్రాన్ని ఛాసిస్‌కు కలిపే కింది విష్‌బోన్ బ్రాకెట్ల వెనక పల్చటి షిమ్ రేకులుంటాయి. ఎక్కడ ఎన్ని ఉన్నాయో రాసుకోకపోతే చక్రం వాలు మారిపోతుంది. మర కడిగి, వెల్డింగ్ అతుకులు పరీక్షించే ఎర్ర డై పూసి, తుడిచి, తెల్ల పొడి చల్లితే, ఉన్న బీట ఎర్ర గీతగా తేలుతుంది.

ఇంత తంటా ఎందుకు, బాల్ జాయింట్ పెట్టుకుంటే పోలేదా అంటారు కొందరు. పెట్టుకోవచ్చు, కాకపోతే దాని రబ్బరు బూటు చిరిగితే అక్కడా నీరే, అక్కడా తుప్పే. బందరు వైపు ఉప్పుగాలికి ఏ జాయింటైనా ఒకటే. ఉప్పుగాలే కాదు, వరదా ఉంది: 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి బెజవాడ సింగ్‌నగర్ రోజుల తరబడి నీళ్ళలో ఉంది. అలా మునిగిన బండికి ముందుగా ఇంజనాయిల్ మార్చడం అందరికీ తెలుసు. హెరాల్డ్ అయితే ట్రనియన్‌కు కూడా ఆ మర్యాద దక్కాలి: విప్పి, కడిగి, ఆరబెట్టి, పై సీలు దగ్గర కొత్త నూనె ఉబికేదాకా ఎక్కించాలి. విష్‌బోన్ రబ్బరు బుష్‌ల బోల్టులను మాత్రం కారు బరువు చక్రాల మీద దిగాకే చివరి బిగింపు బిగించాలి, లేకపోతే రబ్బరు మెలిపడి త్వరగా చిరుగుతుంది.