రక్తపుటూట యెండుటకు కారణములు



చెరువులో నీరు తగ్గినపుడు మనము రెండు సంగతులు విచారింతుము. గట్టు తెగి నీరు పోవుచున్నదా? లేక చెరువునకు నీరు తెచ్చు కాలువయే పూడినదా? దేహమందు రక్తము తగ్గినపుడును ఇట్లే విచారింపవలెను. మొగము పాలిపోయినవారికి ఇనుముగల మందు ఇచ్చుట వాడుక. మన దేశమున పాండురోగమునకు ఇనుము కొరతయే మిక్కిలి సాధారణమైన కారణము గనుక, పెక్కుమందికి అది గుణమిచ్చును. కాని అరుదుగా కొందఱికి ఎంత ఇనుమిచ్చినను ఫలముండదు. వారికి రక్తము పుట్టుచోటనే పని నిలిచియుండును.

ఎఱ్ఱకణములు ఎముకలలోని మూలుగయందు పుట్టును. ఆరోగ్యవంతుని మూలుగ సెకనునకు సుమారు 20 లక్షల కణములను పుట్టించును. ఒక్కొక్క కణము దాదాపు 120 దినములు బ్రదుకును. ఈ వ్యాధియందు తెల్లకణములును, రక్తము గడ్డకట్టుటకు తోడ్పడు కణికలును యథాప్రకారము పుట్టుచుండును. ఎఱ్ఱకణముల నారు మాత్రము మూలుగలో కానరాదు. 1922లో కాజ్నెల్సన్ అను వైద్యుడు దీనిని ప్రత్యేకముగా వర్ణించెను. దీనికి గల ముఖ్యకారణములు నాలుగు.

మొదటిది పుట్టుకతో వచ్చు లోపము. 1938లో బోస్టను నగరమున డైమండ్, బ్లాక్‌ఫాన్ అను వైద్యులు నలుగురు శిశువులయందు దీనిని వర్ణించిరి. ప్రతి కణమునందును మాంసకృత్తులను తయారుచేయు రైబోసోములను సూక్ష్మయంత్రములు కలవు. వాని భాగములకు సంబంధించిన జన్యువు చెడుటచే ఈ వ్యాధి కలుగునని 1999లో తెలిసెను. పదిలక్షల శిశువులలో సుమారు 5 మొదలు 7 గురికి ఇది కలుగును. తఱచుగా మొదటి యేటనే బయలుపడును.

రెండవది పార్వోవైరస్ బి19 అను సూక్ష్మజీవి. దీనిని 1975లో లండనునందు కనుగొనిరి. ఇది ఎఱ్ఱకణముల నారులోనే ప్రవేశించి దానిని నశింపజేయును. ఆరోగ్యవంతులకు వారము పదిదినములు ఉత్పత్తి ఆగినను, నిలువయున్న కణములు చాలును గనుక బాధ తెలియదు. సికిల్ సెల్ అను కొడవలికణవ్యాధి గలవారి సంగతి వేఱు. వారి కణములు 10 మొదలు 20 దినములే బ్రదుకును. గండిపడిన చెరువునకు కాలువయు నిలిచినట్లు, వారి రక్తము కొలదిదినములలో ప్రాణాపాయస్థితికి దిగును. మన మన్యప్రాంతములలోని గిరిజనులయందు ఈ వ్యాధి కలదు గనుక ఇది మనము ముఖ్యముగా నెఱుగదగినది. సకాలమున రక్తమెక్కించినచో ప్రాణము నిలుచును. మూలుగ సాధారణముగా తనంతట తానే కోలుకొనును.

మూడవది దేహరక్షణశక్తి దారితప్పుట. కావలికుక్క యజమానినే కఱచినట్లు, దేహము తన ఎఱ్ఱకణముల నారునే శత్రువని యెంచి చంపును. కొందఱికి రొమ్మెముక వెనుకనుండు థైమస్ గ్రంథిలో కంతి, మఱికొందఱికి కొన్ని రక్తపు క్యాన్సరులు దీనికి మూలము.

నాలుగవది మందులు. మూర్ఛకిచ్చు ఫెనిటోయిన్, క్షయకిచ్చు ఐసోనియాజిడ్ మొదలగునవి మిక్కిలి అరుదుగా దీనిని కలిగించును. ఐనను వైద్యునడుగక వానిని మానరాదు. మానినచో అసలు వ్యాధి ముదురును.

రోగమును గుర్తించుటకు మార్గము కలదు. రక్తములో క్రొత్తగా పుట్టిన లేతకణములను లెక్కింతురు. అవి మిక్కిలి తక్కువైనచో మూలుగను తీసి పరీక్షింతురు. చికిత్స కారణమును బట్టి మాఱును. మందువలన కలిగినచో వైద్యులు దానిని మార్చెదరు, కంతియున్నచో కోసితీయుదురు, రక్షణశక్తి దోషమైనచో దానిని అణచు మందులిత్తురు. పుట్టుకతో వచ్చినదానికి స్టీరాయిడ్ మందులు, రక్తమెక్కించుట, కొందఱికి మూలకణముల మార్పిడియు ఉపకరించును.

ఒక్క హెచ్చరిక. పలుమాఱులు రక్తమెక్కించుకొన్నవారి దేహమున ఇనుము పేరుకొని గుండెకును కాలేయమునకును హాని చేయును. అట్టివారికి బలమని తలంచి ఇనుముమందు ఇచ్చుట కీడు.

కావున ఇంటిలో నెవరైన పాలిపోయి, ఇనుముమందు వాడినను తేఱుకొననిచో ఆలసింపక పెద్దాసుపత్రికి తీసికొనిపోవలెను. ఇట్టి రోగులు ఇతరులిచ్చు రక్తముతోనే కాలము గడపుదురు గనుక, ఆరోగ్యవంతులైన సభ్యులు రక్తదానమునకు వెనుదీయరాదు.