కుస్తీ పట్టే పిల్లలకు ఎలాంటి దమ్ము కావాలి?

రోజూ ఐదు కిలోమీటర్లు పరిగెత్తే పిల్లాడు కూడా కుస్తీకి దిగిన నిమిషానికే రొప్పుతాడు. ఖమ్మం, కొత్తగూడెం నుంచి భద్రాచలం అడవి అంచు ఊళ్ల దాకా, పిల్లల్ని ఆటలకు పంపే అమ్మానాన్నలకు ఇది వింతగానే ఉంటుంది. కారణం ఒక్కటే: దమ్ము రెండు రకాలు.

మెల్లగా ఎక్కువసేపు చేసే పనికి శరీరం ఆక్సిజన్ వాడుకుని శక్తి తయారు చేసుకుంటుంది. ఎదుటివాణ్ణి ఒక్క ఊపులో ఎత్తి పడేయాలంటే అంత టైం ఉండదు. మొదటి పది సెకన్లు కండలో దాచి ఉన్న శక్తి సరిపోతుంది. ఆ తర్వాత కండలోని చక్కెర నిల్వ ఆక్సిజన్ లేకుండానే వేగంగా కరిగి, ఒకటి రెండు నిమిషాలు నడిపిస్తుంది. ఇదే అనేరోబిక్ శక్తి. అది తగ్గేకొద్దీ కండలు మండుతాయి, పట్టు జారుతుంది.

గామా పహిల్వాన్ కథలో రెండూ కనిపిస్తాయి. 1910లో లండన్‌లో జబిస్కోతో కుస్తీ రెండున్నర గంటలు దాటినా తేలలేదు. 1928లో పటియాలాలో అదే జబిస్కోను గామా నిమిషంలోపే పడగొట్టాడు.

ఇప్పటి మ్యాట్ పోటీల్లో 17 ఏళ్లలోపు పిల్లలకు రెండు నిమిషాల చొప్పున రెండు రౌండ్లు, మధ్యలో 30 సెకన్ల విరామం. పెద్దలకు రౌండు మూడు నిమిషాలు. ఇంత తక్కువ టైంలో అనేరోబిక్ దమ్మే ఎక్కువగా పనికొస్తుంది. అయితే విరామంలో త్వరగా తేరుకోవాలంటే పరుగు దమ్ము కూడా ఉండాలి.

పద్ధతిని బట్టి భారం మారుతుంది. ఫ్రీస్టైల్‌లో కాళ్లు పట్టొచ్చు కాబట్టి తొడలకు, నడుముకు పని ఎక్కువ. గ్రీకో-రోమన్‌లో నడుము కింద పట్టకూడదు, కాళ్లతో మెలిక వేయకూడదు. అక్కడ చేతులు, భుజాలు, వీపు ముందు అలుస్తాయి. అందుకే 30 సెకన్లు సైకిల్ తొక్కించే వింగేట్ పరీక్ష ఒక్కటే గ్రీకో పిల్లాడి సత్తా మొత్తం చెప్పలేదు. చేతులతో తిప్పే పరీక్ష కూడా చేయాలి. మట్టి కుస్తీలో పట్టు తేలేదాకా సాగితే ఓపికకూ పని పడుతుంది.

పిల్లల కండల్లో ఈ అనేరోబిక్ శక్తి పెద్దలంత ఉండదు, వయసుకొచ్చేకొద్దీ పెరుగుతుంది. కాబట్టి పన్నెండేళ్ల వాడికి పహిల్వాన్ కసరత్తు పెట్టొద్దు. 10 నుంచి 20 సెకన్ల చురుకైన పట్టులు, మధ్యలో సరిపడా విశ్రాంతి, వారంలో రెండు మూడు రోజులు చాలు.

అసలు ప్రమాదం బరువు దగ్గర ఉంది. చిన్న కేటగిరీలో దించాలని తిండి, నీళ్లు మాన్పిస్తే చక్కెర నిల్వ ఖాళీ అవుతుంది, దమ్ము ముందే పోతుంది. 1997 చివర్లో అమెరికాలో దాదాపు నెల రోజుల్లోనే ముగ్గురు కాలేజీ కుస్తీ విద్యార్థులు ఇలా బరువు తగ్గించుకుంటూ చనిపోయారు. ఎండాకాలం 45 డిగ్రీలు తాకే మన ప్రాంతంలో ఈ పని మరీ ముప్పు. రంజాన్‌లో గట్టి సాధనను ఇఫ్తార్ తర్వాతకు మార్చుకోవడం మేలు.

పోటీకి ముందు ఉస్తాద్‌ను ఒక్క మాట అడగండి: "మావాడు ఏ బరువులో దిగుతున్నాడు, ఆ బరువుకు ఎలా వస్తున్నాడు?" నీళ్లు మాన్పించి అన్న జవాబు వస్తే, ఆ పోటీ వదిలేయండి. పై కేటగిరీలో ఆడి ఓడినా నష్టం లేదు.