తెల్ల కార్డు లేకుంటే వకీలు దొరకడా? ఉచిత న్యాయ సహాయం: అపోహలు – వాస్తవాలు

ఉచిత న్యాయ సహాయానికి తెల్ల రేషన్ కార్డు ఉండి తీరాలని, దానికి తోడు తహశీల్దారు ఇచ్చిన ఆదాయ ధ్రువపత్రం జతచేయనిదే దరఖాస్తును తీసుకోనే తీసుకోరని మోతె మండలంలోనూ, సూర్యాపేట, కోదాడ మొదలుకొని మిర్యాలగూడ వరకూ పాతుకుపోయిన నమ్మకం, ఈ విషయంలో ప్రచారంలో ఉన్న అపోహలన్నింటిలోకీ ఎక్కువ కీడు చేస్తున్నది. భర్త ఇంటి నుంచి వెళ్లగొట్టిన స్త్రీ పేరు సాధారణంగా అత్తవారి కార్డులోనే ఉంటుంది, ఆ కార్డు ఎవరి బీరువాలో ఉంటుందో వేరుగా చెప్పనక్కరలేదు. కొత్త కార్డు కోసం, ఆదాయ పత్రం కోసం మీసేవ కేంద్రానికీ తహశీల్దారు కార్యాలయానికీ మధ్య తిరిగి విసిగిన ఆమె, చివరకు పెద్దమనుషుల పంచాయితీలో విసిరిన మొత్తానికి వేలిముద్ర వేసి ఊరుకుంటుంది. 65వ నంబరు జాతీయ రహదారిపై ప్రమాదంలో భర్తను పోగొట్టుకున్న స్త్రీ విషయంలో ఈ జాప్యం మరింత ఖరీదైనది. మోటారు వాహనాల చట్టంలో 2022 ఏప్రిల్ 1 నుంచి అమలైన సవరణ పరిహారం దరఖాస్తుకు ఆరు నెలల గడువు పెట్టింది, దాని చెల్లుబాటుపై సవాళ్లు ఉన్నప్పటికీ వాటిని నమ్ముకొని కూర్చోవడం వివేకం కాదు. చట్టం అడగని కాగితం కోసం చట్టం పెట్టిన గడువును పోగొట్టుకోవడం కంటె విడ్డూరం మరొకటి ఉండదు.

పేదరికం వల్ల ఎవరికీ న్యాయం దూరం కాకూడదని, అందుకు రాజ్యం ఉచిత న్యాయ సహాయం ఏర్పాటు చేయాలని చెప్పే 39-ఎ అధికరణం 1976 నాటి 42వ సవరణ ద్వారా రాజ్యాంగంలో చేరింది. దాన్ని ఆచరణలో పెట్టడానికి 1987లో చేసిన న్యాయ సేవల అధికార సంస్థల చట్టం 1995 నవంబరు 9న అమలులోకి వచ్చింది. ఎవరు అర్హులో ఆ చట్టంలోని 12వ సెక్షను వరుసగా చెబుతుంది: షెడ్యూల్డు కులాలవారు, షెడ్యూల్డు తెగలవారు, మనుషుల అక్రమ రవాణాకు గాని వెట్టిచాకిరికి గాని బలైనవారు, స్త్రీలు, పిల్లలు, వికలాంగులు, వరద, కరువు, భూకంపం, కులపరమైన అత్యాచారం, పారిశ్రామిక ప్రమాదం వంటి విపత్తుల బాధితులు, పారిశ్రామిక కార్మికులు, నిర్బంధంలో ఉన్నవారు, వీరందరి తరువాత, చిట్టచివరి అంశంగా, ప్రభుత్వం నిర్ణయించిన పరిమితికి లోబడిన ఆదాయం గలవారు. ఈ అంశాలలో ఏ ఒక్కటి వర్తించినా చాలు, అన్నీ కలిసి రానక్కరలేదు. తెలంగాణలో ఏడాదికి మూడు లక్షల రూపాయలుగా ఉన్న ఆదాయ పరిమితి ఆ చివరి అంశానికి మాత్రమే చెందినది. మోతెలోని స్త్రీ పేరున పదెకరాల మాగాణి ఉన్నా, ఆమె ప్రభుత్వ ఉపాధ్యాయురాలైనా, స్త్రీ అయినందుకే ఆమెకు అర్హత ఉన్నది. తండాలోని గిరిజన రైతు తాను పేదనని రుజువు చేసుకోనక్కరలేదు, తెగను చూపే ధ్రువపత్రం చాలు.

ఈ జాబితాను స్థానిక జీవితానికి అన్వయించి చూస్తే దాని విస్తృతి తెలుస్తుంది. మిర్యాలగూడ బియ్యం మిల్లులలోనూ, హుజూర్‌నగర్ వైపు సిమెంటు కర్మాగారాలలోనూ పనిచేసేవారు కార్మికులుగానే అర్హులు కావచ్చు, బీహారు నుంచి వచ్చిన హమాలీకి ఇక్కడి రేషన్ కార్డు లేకపోవడం అడ్డంకి కాదు. 2024 ఆగస్టు చివర, సెప్టెంబరు మొదట కురిసిన వానలకు కోదాడ ప్రాంతం నీట మునిగినప్పుడు ఇల్లూ సామానూ కోల్పోయినవారు వరద బాధితుల కోవలోకి వస్తారు. నిర్బంధంలో ఉన్నవారి సంగతి మరీ స్పష్టమైనది. న్యాయ సహాయం పొందే హక్కున్నదని నిందితుడికి తెలియజెప్పవలసిన బాధ్యత మేజిస్ట్రేటుదేనని ఖత్రీ కేసులో 1981లోనూ, నిందితుడు అడగలేదన్న కారణంతో సహాయం నిరాకరించరాదని సుక్ దాస్ కేసులో 1986లోనూ సుప్రీంకోర్టు చెప్పింది. అడగకపోయినా ఇవ్వవలసినదానికి కార్డు ఎక్కడి నుంచి వచ్చిందో ప్రచారకులే చెప్పాలి.

ఇక ఆదాయం ఆధారంగానే సహాయం కోరేవారి మాటకు వస్తే, వారికి సైతం చట్టంలోని 13వ సెక్షను వెసులుబాటు ఇచ్చింది. ఆదాయాన్ని గురించి దరఖాస్తుదారు చేసిన అఫిడవిట్, అనగా ప్రమాణం చేసి సంతకం పెట్టిన ప్రకటన, దాన్ని నమ్మకపోవడానికి కారణం లేనంతవరకు చాలునని భావించవచ్చు. అదే సెక్షను పెట్టిన షరతు మరొకటి ఉన్నది: కేసులో పైకి చూడగానే కనిపించే బలం, అనగా నడపదగిన విషయం ఉన్నదని న్యాయసేవాధికార సంస్థకు తోచాలి. కార్డుల గురించి ఇంత శ్రద్ధ చూపే ప్రచారం, నిజంగా ఉన్న ఈ షరతును మాత్రం ఎక్కడా ప్రస్తావించదు.

ఆదాయమే కొలబద్దగా గల దేశాలు లేకపోలేదు. దక్షిణాఫ్రికాలో 2014 చట్టం కింద నడిచే న్యాయ సహాయ సంస్థ దరఖాస్తుదారుల ఆదాయాన్నీ ఆస్తినీ లెక్కగట్టి చూస్తుంది. న్యాయవాదులు బహు కొద్దిమంది ఉన్న మలావీలో 2000 నుంచి పారా లీగల్ కార్యకర్తలు, అనగా వకీళ్లు కాకపోయినా చట్టంలో శిక్షణ పొందినవారు, జైళ్లకు వెళ్లి ఖైదీలకు మార్గం చూపుతున్నారు. భారతదేశంలో ఆ కార్యకర్తలూ ఉన్నారు, ఆదాయంతో నిమిత్తం లేని అర్హతలూ ఉన్నాయి. ఉన్నదాన్ని లేదనుకోవడమే ఇక్కడి చిక్కు.

ఉచితంగా వచ్చిన వకీలు మనసుపెట్టి వాదించడన్న మాటను మాత్రం పూర్తిగా కొట్టివేయడానికి వీలులేదు. న్యాయసేవాధికార సంస్థ తన జాబితాలోని న్యాయవాదికి చెల్లించే పారితోషికం తక్కువ, అదీ విడతలుగా అందుతుంది, కనుక కొన్ని కేసులలో వాయిదా వెంట వాయిదా పడుతున్నా అడిగే దిక్కు లేకపోవడం నిజమే. నేరాభియోగాలు ఎదుర్కొనేవారి కోసం 2022లో రూపొందిన న్యాయ సహాయ రక్షణ న్యాయవాదుల పద్ధతిలో పూర్తికాలపు వకీళ్లు పనిచేస్తున్నా, భరణం, ఆస్తి వంటి సివిల్, కుటుంబ వివాదాలు చాలావరకు పాత పద్ధతిలోనే నడుస్తున్నాయి. అయితే డబ్బిచ్చి పెట్టుకున్న వకీళ్లందరూ శ్రద్ధకు మారుపేర్లన్నట్టు మాట్లాడటం మరో అపోహ. జాబితాలో ఫలానా న్యాయవాది కావాలని దరఖాస్తులోనే కోరవచ్చు, పని సరిగా జరగకపోతే మార్చమని సంస్థ కార్యదర్శికి రాసివ్వవచ్చు, దారి ఖర్చులనో గుమస్తా ఖర్చులనో వకీలు రూపాయి అడిగినా ఫిర్యాదు చేయవచ్చు. కక్షిదారు నుంచి ఏ రూపంలోనూ ఫీజు పుచ్చుకోరాదని నిబంధనలే నిషేధించాయి.

ఈ సహాయం నేరస్థులకే అన్నది అబద్ధం. భూతగాదా, భరణం, వేతన బకాయి, ట్రిబ్యునల్ ముందరి వ్యవహారం అన్నీ దీని పరిధిలోవే. కోర్టు ఫీజు మనమే కట్టుకోవాలన్నదీ తప్పే. ఎదుటివారు పలుకుబడి గలవారైతే దరఖాస్తును తొక్కిపెడతారన్న భయానికి జవాబు, అర్జీ నకలు మీద ముద్ర వేయించుకోవడం. లోక్ అదాలత్, అనగా రాజీ మార్గంలో వివాదాలు తీర్చే వేదిక, ఈ సహాయమూ ఒకటేనన్న గందరగోళం మాత్రం ప్రమాదకరమైనది, ఎందుకంటే అక్కడ సంతకమైన తీర్పు సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దానిపై అప్పీలు లేదు. రాజీపడమని ఎవరూ బలవంతపెట్టలేరు గనుక, చదివించుకొని అర్థం కానిదానిపై సంతకం పెట్టకపోవడం మేలు.

సూర్యాపేటలో 2022 జూన్ నుంచి ప్రత్యేక జిల్లా కోర్టు ఉన్నందున మోతె వాసులు నల్లగొండ దాకా పోనక్కరలేదు. జిల్లా న్యాయసేవాధికార సంస్థకు, లేదా కోదాడ వంటి చోట్ల కోర్టు ప్రాంగణంలోని మండల న్యాయసేవాధికార కమిటీకి తెలుగులోనే అర్జీ ఇవ్వవచ్చు. రాయడం రానివారు నోటితో చెబితే అక్కడివారే రాసి వేలిముద్ర తీసుకోవాలి. కులం, వైకల్యం, ప్రమాదం వంటివాటిని చూపే కాగితం చేతిలో ఉంటే జతచేయాలి, లేకపోయినా అర్జీని ఆపరాదు. నిర్ణయం ఏడు రోజులలోపు రావాలి. నిరాకరిస్తే కారణం రాతపూర్వకంగా అడిగి, సంస్థ అధ్యక్షుడికి అప్పీలు చేసుకోవచ్చు. ఎక్కడికి పోవాలో తెలియనివారు 15100 నంబరుకు ఫోను చేసి, తాము 12వ సెక్షనులోని ఏ కోవకు చెందుతారో మొదటి మాటగా చెప్పాలి. ఆదాయం ప్రసక్తి అవతలివారు తెస్తే అది తమకు ఎందుకు వర్తిస్తుందో చూపమని అడగాలి.