కాస్త సలుపంతే!

"నొప్పి ఎంతుంది? సున్నా నుంచి పదిలోపు ఓ అంకె చెప్పండమ్మా" అని అడిగింది నర్సు. పెద్దమ్మ నా మొహంలోకి చూసింది. రొమ్ములో మొదలైన క్యాన్సర్ అప్పటికే వెన్నెముకకు పాకింది. పడుకుంటే పోటు, లేస్తే పోటు. గోడకు చేరగిలబడి తెల్లవార్లూ కూర్చునేది. "ఏముందమ్మా, కాస్త సలుపంతే" అంది. నర్సు మూడు అని రాసుకుని వెళ్లిపోయింది.

అంకె చెప్పడం పెద్దమ్మకు రాదు. మాట అడిగి ఉంటే చెప్పేదే. తల పోటు, కాళ్ల పీకు, పుండు సలుపు, కడుపులో మెలిపెట్టడం, నరం జివ్వుమనడం... మనవాళ్లు నొప్పికి పెట్టుకున్న పేర్లు తక్కువేం కాదు. వైద్యానికి పనికొచ్చేవీ అవే. మంటగా, కరెంటు షాక్ కొట్టినట్టుగా ఉందంటే నరం దెబ్బతిందేమోనని వైద్యులు అనుమానిస్తారు. దానికి గాబాపెంటిన్, అమిట్రిప్టిలిన్ లాంటి మందులు వాడతారు. క్యాన్సర్ పాకిన ఎముకలో కదిలితే ఎక్కువయ్యే నొప్పికి రేడియేషన్ ఉపశమనం ఇస్తుంది, చాలామందికి ఒక్కసారి ఇచ్చినా సరిపోతుంది. రోనాల్డ్ మెల్జాక్ 1975లో ప్రచురించిన మెక్‌గిల్ నొప్పి ప్రశ్నావళి నిండా ఇలాంటి మాటలే ఉంటాయి. రోగి నోటి మాటే అక్కడ పరీక్ష.

మరి ఆ మాట గొంతు దాటి ఎందుకు రాదు? నొప్పి పెరిగిందంటే జబ్బు ముదిరిందని ఒప్పుకున్నట్టేనని భయం. పిల్లలు బెంగపడతారని సంకోచం. చేసుకున్న కర్మ, అనుభవించాల్సిందేనన్న నమ్మకం. నొప్పి గురించే చెబుతూ కూర్చుంటే డాక్టరు అసలు జబ్బును పట్టించుకోడేమోనన్న దిగులు. వీటన్నిటికంటే బరువైనది ఇంకొకటుంది: "మార్ఫిన్ రాశారంటే ఇక అయిపోయినట్టే."

మా ఇంట్లో ఈ మాట అన్నది నేనే. ఇప్పటికీ బాధగా ఉంటుంది.

మార్ఫిన్ మాత్ర చావుకు ముందు పోసే తులసి తీర్థం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లో క్యాన్సర్ నొప్పికి మూడు మెట్ల పద్ధతి చెప్పినప్పుడు తీవ్రమైన నొప్పికి దాన్నే పై మెట్టు మీద పెట్టింది. మామూలు మాత్రను నాలుగు గంటలకోసారి, గడియారం చూసి వేసుకోవాలి. పెద్దమ్మ చిన్న మాత్రల్ని కూడా "ఓర్చుకోలేనప్పుడు చూద్దాంలే" అని పక్కన పెట్టేది. అలా ముదరనిచ్చిన నొప్పిని దించడం మరీ కష్టం. మార్ఫిన్‌తో మొదటి కొద్దిరోజులు మత్తుగా ఉండొచ్చు. మలబద్ధకం దాదాపు అందరికీ వస్తుంది, విరేచనం సాఫీగా అయ్యే మందు కూడా ఇవ్వాలి. వైద్యుల కనుసన్నల్లో క్యాన్సర్ నొప్పికి వాడితే వ్యసనంగా మారడం అరుదు. రేడియేషన్‌తో నొప్పి తగ్గితే మార్ఫిన్ మోతాదూ తగ్గిస్తారు.

మధ్యప్రదేశ్, రాజస్థాన్ పొలాల్లో ప్రభుత్వ లైసెన్సుతో నల్లమందు పండించే దేశం మనది. మార్ఫిన్ తీసేది దాన్నుంచే. అయినా 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కింద లైసెన్సుల చిక్కులకు జడిసి ఎన్నో ఆసుపత్రులు ఆ మాత్ర ఉంచడమే మానేశాయి. కేరళలో డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్ వంటివారు ఏళ్ల తరబడి పోరాడాక, 2014లో చట్టాన్ని సవరించారు. హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో ఉపశమన చికిత్సకు ప్రత్యేక విభాగమే ఉంది. కానీ ఊళ్లలో ఈ మాత్ర కోసం ఇప్పటికీ బస్సెక్కాల్సిందే. పంట పండే దేశంలో రోగి పళ్ల బిగువున రాత్రి గడపడం నాకు మింగుడుపడదు.

మాత్రతో పోని నొప్పీ ఉంటుంది. 1967లో లండన్‌లో చివరి దశ రోగుల కోసం సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ తెరిచిన సిసిలీ సాండర్స్, ఒంటి బాధ, మనోవ్యథ, ఇంటి చింత, దేవుడితో పేచీ అన్నీ కలిసి ఒకే నొప్పిగా రోగిని పట్టుకుంటాయని గుర్తించారు. పెద్దమ్మ పగలు చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ, అక్కచెల్లెళ్లతో ఫోనులో మాట్లాడుతూ నెట్టుకొచ్చేది. చేతికి పని, చెవికి మాట ఉన్నంతసేపు నొప్పి కాస్త వెనక్కి తగ్గేది. ఇల్లు సద్దుమణిగాక మీదకొచ్చేది.

చివరికి వేరేచోట ఓ డాక్టరు అంకె అడగలేదు. "ఏ పని చేసుకోలేకపోతున్నారమ్మా?" అన్నారు. పెద్దమ్మ చాలాసేపు ఆలోచించింది. "ఎడమవైపు ఒత్తిగిలి పడుకోలేకపోతున్నా నాయనా" అని ఏడ్చేసింది. ఆయన మార్ఫిన్ రాశారు, రేడియేషన్‌కు పంపారు.

కొన్నాళ్లకు ఓ పొద్దున ఏడైనా పెద్దమ్మ లేవలేదు. నేను గాభరాగా వెళ్లి భుజం తట్టాను. ఎడమవైపు తిరిగి పడుకుని ఉంది. కళ్లు తెరిచి, "పాలవాడొచ్చి వెళ్లాడా? లేపొద్దుటే!" అని కేకలేసింది.