కంచె తీగ కొనుటకు ముందు కొలతలు సరిచూడుడు

చేనికి ముళ్ళతీగ కంచె వేయదలచినచో ముందుగా దాని చుట్టుకొలతను తెలిసికొనవలెను. దీర్ఘచతురస్రాకారపు చేనికి లెక్క సులభమే. పొడవును, వెడల్పును కూడి రెండుతో హెచ్చించిన చాలును. అయితే ఆ రెండును ఒకే ప్రమాణములో లేనిచో లెక్క తప్పును.

ఉదాహరణకు, మీ చేని పొడవు సెల్‌ఫోను పటములో 0.15 కిలోమీటరనియు, టేపుతో కొలిచిన వెడల్పు 60 మీటర్లనియు అనుకొనుడు. అంకెలను ఉన్నవున్నట్లు కూడి హెచ్చించిన 120.3 వచ్చును. ఆ లెక్కన తీగ తెచ్చినచో చేని పొడవు ప్రక్క ఒక్కదానికి కూడ పూర్తిగా చాలదు. ఆ సందున పశువులు దూరినచో ఆరుగాలపు శ్రమ నేలపాలగును.

కిలోమీటరునకు 1,000 మీటర్లు. కావున,

0.15 కి.మీ. = 150 మీటర్లు
150 + 60 = 210 మీటర్లు
210 × 2 = 420 మీటర్లు

బండి దారికి 360 సెంటీమీటర్లు విడిచినచో, దానిని 100తో భాగింపుడు. అది 3.6 మీటర్లు. మిగిలిన 416.4 మీటర్లకు మూడు వరుసల తీగ 1,249.2 మీటర్లు కావలెను. స్తంభములకు చుట్టుటకు మరికొంత చేర్చుకొనుడు.

చుట్టుకొలత ఎప్పుడును పొడవునకు రెండింతలకంటె ఎక్కువగా నుండవలెను. తక్కువ వచ్చినచో లెక్క తప్పినదని గ్రహింపుడు. ఫోను చూపు దూరము ఉజ్జాయింపు మాత్రమే. తీగ కొనుటకు ముందు నాలుగు ప్రక్కలను టేపుతో కొలుచుట మేలు.